పేరు చూడాలా, యంత్రం చూడాలా?

వెనకటి పెళ్ళిళ్ళలో అలకపాన్పు ఎక్కిన అల్లుడుగారు కిందికి దిగిరావాలంటే మామగారు మూడు వస్తువుల్లో ఏదో ఒకటి చూపించవలసి వచ్చేది: సైకిలు, రేడియో, చేతి గడియారం. ఈ మూడింటిలోనూ గడియారానికే మర్యాద ఎక్కువ. సైకిలు గుమ్మం బయట ఉంటుంది. రేడియో ఇంట్లో కూర్చుంటుంది. గడియారం మాత్రం అల్లుడి వెంట ఊరూరా తిరిగి మామగారి పరువు చాటుతుంది. టైమెంతయిందని ఎవరైనా అడగడమే ఆలస్యం, పొడుగు చేతుల చొక్కా మోచేతిదాకా జరిగేది.

ఇప్పుడు అలకపాన్పులు తగ్గాయి. టైము అడిగేవాళ్ళు అసలే తగ్గారు. పాలవాడి జేబులోనూ, పట్టాభిషిక్తుడి జేబులోనూ ఒకే సెల్‌ఫోను ఒకే టైము చూపిస్తోంది. ఈ లెక్కన గడియారాల దుకాణాలన్నీ ఎప్పుడో మూతబడి ఉండాలి. అవి మూతబడలేదు సరిగదా, వెనకటి మామగార్లు వింటే మంచం పట్టేటంత ధరలకు వాచీలు అమ్ముతున్నాయి. ముప్ఫై వేలు, యాభై వేలు, లక్ష. కొనేవాళ్ళు జమీందార్లు కారు. కొత్తగా ఉద్యోగంలో చేరి నాలుగు రాళ్ళు వెనకేసుకున్న పిల్లలు. మామగారిని అడిగి కాదు, తమ సొంత జీతంతో కొంటున్నారు.

అంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా పేరు దగ్గర వచ్చింది. మన పెద్దవాళ్ళకు నాలుగు పేర్లు తెలిస్తే సరిపోయేది. ఇప్పుడు ఫోను తెరిస్తే నాలుగు వందల పేర్లు. వాటిలో సగం మనం ఎన్నడూ వినలేదు. మిగతా సగం నోరు తిరగవు. అన్నింటి బొమ్మలూ ధగధగలాడుతుంటాయి. అన్నింటి కిందా "వంశపారంపర్య నైపుణ్యం" అన్న అర్థం వచ్చే మాటలే ఉంటాయి. తెలియని పేరున్న వాచీ మీద మొట్టమొదటిసారి పెద్ద మొత్తం పెట్టవచ్చునా? పెట్టదలిస్తే ఏం చూసి పెట్టాలి? ఈ వారం ముచ్చట అదే.

ముచ్చటకు కారణం మా ఊరి అమ్మాయి. మా రఘునాథపల్లి కాజీపేట, సికిందరాబాదు రైలు మార్గం మీద ఒక చిన్న స్టేషను. ఆ రైళ్ళలో పోయివచ్చి డిగ్రీ చదివి, హైదరాబాదులో ఉద్యోగం సంపాదించిన మొదటి ఆడపిల్ల వాళ్ళ ఇంట్లో ఆమే. రెండేళ్ళు పొదుపు చేసి అరవై వేలు కూడబెట్టింది. దానితో వాచీ కొనుక్కుంటానంది. అదీ ఎవరికీ తెలియని పేరున్న వాచీ. తల్లికి నిద్ర పట్టలేదు. కూతుర్ని వెంటబెట్టుకొని పంచాయితీకి వచ్చింది.

"సారూ, మీరే చెప్పుండ్రి. గా పైసలు బంగారం మీద పెడితే అక్కరకు కుదువన్న పెట్టుకోవచ్చు. గీ ఇనుప గాజును ఎవడు కుదువ పెట్టుకుంటడు?"

నవ్వి ఊరుకోవలసిన మాట కాదది. ఆ తల్లి గాజులు కుదువపెట్టిన డబ్బుతోనే ఈ పిల్ల హాస్టలు ఫీజు కట్టిందని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆమెకు బంగారమంటే నగ కాదు, కష్టకాలంలో తలుపు తట్టే చుట్టం. అలాంటి మనిషి ముందు నిలబడి "వాచీ కూడా పెట్టుబడేనమ్మా" అని చెబితే అబద్ధం ఆడినట్టే. ఏవో కొద్ది పేర్లవి, కొద్ది నమూనాలవి తప్ప కొన్న వాచీ కొట్టు గడప దాటగానే విలువ తగ్గుతుంది. ఎవరూ వినని పేరైతే మరీ తగ్గుతుంది. తిరిగి అమ్మబోతే సగం ధర రావడం కూడా కష్టం. ఈ ఒక్క సంగతిలో తల్లిదే న్యాయం.

అమ్మాయి జవాబు కూడా వినదగిందే. "అమ్మా, బంగారం నీ భయానికి కొంటవు. గిది నా సంతోషానికి కొంటున్న. రెండూ ఒకటి గాదు" అంది. షోకు వస్తువు అంటే అసలు అర్థం అదే గదా. అక్కర లేదని తెలిసీ, మనసుపడి, మన స్తోమతులో కొనుక్కునేది. ఆ స్తోమతు అన్నచోట మాత్రం కచ్చితంగా ఉండాలి. నెలవారీ వాయిదాల మీద వాచీ కొనడమంటే నెలనెలా టైముకు వడ్డీ కట్టడమే. ఇంట్లో ఆరునెలల ఖర్చు విడిగా దాచి, ఆపైన మిగిలిన దానిలోనుంచి కొనాలి. ఇంత చెప్పి, తల్లిది సగం, కూతురిది సగం న్యాయమని పంచాయితీ తేల్చాను. ఇద్దరికీ నచ్చలేదు. మంచి పంచాయితీ లక్షణమే అది.

ఇక అసలు ప్రశ్న: తెలియని పేరు.

పేరంటే మనవాళ్ళకు గట్టి నమ్మకం. కాని గడియారాల చరిత్ర కొంచెం తిరగేస్తే ఆ నమ్మకం సడలుతుంది. బ్రిటిషు వాళ్ళ కాలంలో మన దేశంలో మంచి వాచీ అంటే స్విట్జర్లాండు సరుకే. ఫావ్రే లూబా అనే స్విస్ కంపెనీ 1865 లోనే బొంబాయిలో అడుగుపెట్టింది. వెస్ట్ ఎండ్ అన్న పేరు వింటే లండను వాచీ అనిపిస్తుంది. అదీ స్విస్ తయారీయే. మన దేశపు మార్కెట్టు కోసమే పెట్టిన ఇంగ్లీషు పేరది. సిపాయిలు, రైల్వే వాళ్ళు, తహసీలుదార్లు ఆ పేర్ల మీదనే ప్రాణం పెట్టుకున్నారు.

1961లో బెంగుళూరులో హెచ్.ఎం.టి. వాచీ పుట్టింది. అదేమన్నా గడియారాల వంశమా? 1953లో లేతు మిషన్లు, మరమిషన్లు చేయడానికి వెలసిన ప్రభుత్వ కార్ఖానా. జపాను సిటిజన్ కంపెనీ దగ్గర విద్య నేర్చుకొని చేతి గడియారాలకు దిగింది. మొదటి వాచీలను ప్రధాని నెహ్రూ చేతులమీదుగా విడుదల చేశారు. ఆనాటికి హెచ్.ఎం.టి. కొత్త పేరు. జపాను వాచీ అంటేనే స్విస్ వాచీ ముందు చిన్నచూపు. తరువాత పాతికేళ్ళలో జనతా, కోహినూర్, సోనా, సుజాత అన్న పేర్లు మన ఇళ్ళలో పిల్లల పేర్లంత చనువైపోయాయి. పరీక్ష ప్యాసయితే హెచ్.ఎం.టి., పెళ్ళయితే హెచ్.ఎం.టి., ఉద్యోగం దిగిపోతే హెచ్.ఎం.టి.

మన హైదరాబాదు ముచ్చట ఇంకా తమాషా. 1942లో నిజాం ప్రభుత్వపు పెట్టుబడితో మొదలైన అల్విన్ సంస్థ బీరువాలు, ఫ్రిజ్జులు, బస్సుల బాడీలు చేసేది. అది 1981లో జపాను సైకో కంపెనీ సాయంతో వాచీల్లోకి వచ్చింది. బీరువాలు చేసేవాళ్ళు వాచీలు చేయడమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్ళు కూడా కొనకుండా ఉండలేదు. ఆ పిమ్మట 1984లో టాటాలు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి టైటన్‌ను స్థాపించారు. కార్ఖానా హోసూరులో. మన తెలుగువాళ్ళు తరతరాలుగా ఉన్న ఊరది. 1987లో టైటన్ వాచీలు బజారులోకి వచ్చినప్పుడు అదీ తెలియని పేరే. 2002లో అదే హోసూరు కార్ఖానా 3.5 మిల్లీమీటర్ల మందం గల 'ఎడ్జ్' అనే వాచీ తీసింది. దాని లోపలి యంత్రం మందం 1.15 మిల్లీమీటర్లు. స్విస్ వాళ్ళే తిరిగి చూడవలసిన పని.

తెలియని పేరు ఇంటి పేరు కావడానికి పట్టే కాలం ఒక తరం. తెలిసిన పేరు మాసిపోవడానికి అంత కూడా పట్టదు. అల్విన్ వాచీ ఇప్పుడు లేదు. హైదరాబాదులో ఆ పేరు ఒక కాలనీకి, ఒక చౌరస్తాకు మిగిలింది. బస్సు కండక్టరు కేక వేస్తే దిగే చోటది. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసివేయడానికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. స్విట్జర్లాండులోనూ ఇదే కథ. 1969 డిసెంబరు 25న సైకో కంపెనీ మొట్టమొదటి క్వార్ట్‌జ్ చేతి గడియారం అమ్మకానికి పెట్టింది. ఆ దెబ్బకు 1970లో సుమారు 90 వేల మంది పనిచేసిన స్విస్ గడియారాల పరిశ్రమలో, 1980ల నడిమికి 30 వేల పైచిలుకు మంది మిగిలారు. ఎన్ని పాత పేర్లు ఆ వరదలో కొట్టుకుపోయాయో!

కొట్టుకుపోయిన పేర్లను తరువాత ఎవరో ఒడ్డున ఏరుకున్నారు కూడా. బ్లాంక్‌పైన్ అని 1735 నాటి పేరొకటి ఉంది. క్వార్ట్‌జ్ దెబ్బకు మూలబడి ఉంటే 1980ల మొదట్లో ఇద్దరు వ్యక్తులు ఆ పేరును కొనుక్కొని మళ్ళీ నిలబెట్టారు. వాళ్ళు గట్టివాళ్ళు గనుక గొప్ప వాచీలే చేశారు. అందరూ అంత గట్టివాళ్ళు కారు. అంచేత డయలు మీద "1800 నుంచి" అని కనిపించగానే రెండు శతాబ్దాలు ఆ కార్ఖానా పొగ గొట్టం ఆరలేదని అనుకోనక్కరలేదు. అది మధ్యలో నూరేళ్ళు నిద్రపోయి, మొన్న లేచిన పేరు కావచ్చు.

ఇదంతా చూస్తే పేరు పూచీ కాదని తేలుతుంది. పూచీ ఎక్కడుందో తెలుసుకోవడానికి పుస్తకాల కన్న మంచి చోటు ఒకటుంది: గడియారాలు బాగుచేసేవాడి బల్ల. వరంగల్ చౌరస్తా దగ్గర ఒక ముసలాయన నలభై ఏళ్ళుగా కంటికి భూతద్దం తగిలించుకొని కూర్చున్నాడు. అమ్మాయిని అక్కడికి తీసుకుపోయి ఫోనులో వాచీ బొమ్మ చూపించాం. ఆయన బొమ్మ వైపు చూడనే లేదు.

"ముందటి మొకం నాకెందుకు బిడ్డా! ఎనుక మూత ఇప్పితే ఏముంటదో గది చెప్పు."

ఆ ఒక్క మాటలో సగం శాస్త్రం ఉంది. డయలు మీద ఎవరి పేరున్నా లోపలి యంత్రం వేరే వాళ్ళది కావడం గడియారాల లోకంలో మామూలే, అది మోసం కాదు. జపానులో సిటిజన్ వారి మియోటా యంత్రాలు, సైకో వారి ఎన్.హెచ్.35 యంత్రం, స్విట్జర్లాండులో ఈటీఏ, సెలిటా యంత్రాలు ఎన్నో చిన్న కంపెనీలు కొనుక్కొని తమ కేసులో బిగించుకుంటాయి. మన వంటవాళ్ళు మిల్లు పిండి కొని తమ చేతి రుచితో పూరీలు చేసినట్టే. తెలియని కంపెనీకి ఇది లోపం కాదు, ఒక విధంగా రక్షణ. ఆ కంపెనీ రేపు దుకాణం కట్టేసినా, మియోటా యంత్రమో సెలిటా యంత్రమో తెలిసిన మెకానిక్కు దేశంలో దొరుకుతాడు. చెడిపోతే యంత్రానికి యంత్రమే మార్చవచ్చు. ఆ ముసలాయన బల్లమీద కంపెనీ లేని హెచ్.ఎం.టి.లు, అల్విన్లు ఇంకా ఊపిరి తీసుకుంటున్నాయంటే ఆ యంత్రాల పోకడ ఆయనకు తెలుసు, పాత భాగాలు దొరుకుతున్నాయి గనుకనే.

అంచేత తెలియని పేరును అడగవలసిన మొదటి ప్రశ్న: లోపల ఎవరి యంత్రం? దాని నంబరేమిటి? నిజాయితీ గల కంపెనీ ఈ సంగతి దాచదు. "స్విస్ యంత్రం", "జపాను యంత్రం" అని ఊరుకొని నంబరు చెప్పకపోతే అనుమానించవలసిందే. ఇక్కడ చిన్న తేడా ఒకటి గమనించాలి. డయలు అడుగున "స్విస్ మేడ్" అని వేసుకోవడానికి స్విట్జర్లాండులో చట్టం ఉంది. 2017 నుంచి తయారీ ఖర్చులో కనీసం 60 వంతులు ఆ దేశంలోనే పడాలి. యంత్రం స్విస్‌ది కావాలి. కేసులో బిగించడం, ఆఖరి పరీక్ష అక్కడే జరగాలి. "స్విస్ యంత్రం" అన్నదానికి అంత బరువు లేదు.

రెండో ప్రశ్న యంత్రం జాతి గురించి. కీ ఇచ్చేదా, చేతి కదలికతో తనే కీ తీసుకునేదా, సెల్లుతో నడిచేదా? సెల్లుతో నడిచే క్వార్ట్‌జ్ వాచీలో చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. సాధారణంగా నెలకు పదిహేను సెకన్లలోపు తేడాతో నడుస్తుంది. స్ప్రింగు వాచీలో బాలెన్సు చక్రం, మామూలు నేటి లెక్కన, గంటకు 28,800 సార్లు కొట్టుకుంటుంది. అంటే రోజుకు 6,91,200 సార్లు. ఇంత శ్రమపడీ రోజుకు పది సెకన్లో, ఇరవై సెకన్లో ముందుకో వెనక్కో పోతుంది. రోజుకు 86,400 సెకన్లు గనుక, పది సెకన్ల తప్పంటే 8,640 కి ఒకటి. మన పనుల్లో మనం ఇంత కచ్చితంగా ఉంటే దేశం ఎప్పుడో బాగుపడేది. 24 నిమిషాలను ఒక గడియగా, 60 గడియలను ఒక రోజుగా లెక్కపెట్టి ముహూర్తాలు పెట్టిన మన పూర్వులకు ఈ యంత్రం చూపితే దండం పెట్టేవారు.

కచ్చితమైన టైమే కావాలంటే క్వార్ట్‌జ్ కొనాలి. క్వార్ట్‌జ్ అనగానే చవక అనుకోకూడదు. గ్రాండ్ సైకో వారి క్వార్ట్‌జ్ ఏడాదికి పది సెకన్ల తేడాతో నడుస్తుంది. స్ప్రింగు యంత్రపు కదలిక చూసి ముచ్చటపడితే స్ప్రింగుదే కొనాలి. అయితే దానికి నాలుగైదేళ్ళకొకసారి విప్పి, కడిగి, నూనె వేయించే ఖర్చు ఉంటుందని ముందే తెలిసి కొనాలి. ఏది కొనినా మోసపోయే చోటొకటుంది. బట్టల మీద, అత్తర్ల మీద పేరుపొందిన ముద్రలు కొన్ని వాచీల మీదా పడుతుంటాయి. వాటిలో చాలావాటి లోపల కొద్ది వందల రూపాయల క్వార్ట్‌జ్ యంత్రమే ఉంటుంది. పదిహేను వేలు పెట్టి కొన్నామంటే పదునాలుగు వేలు పేరుకే ఇచ్చామన్నమాట.

ఇంకో మాట. "పదిహేడు జువెల్సు" అన్న ముద్ర చూసి లోపల నిజంగా నగలున్నాయనుకునే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. అవి కృత్రిమంగా చేసిన కెంపులు. చక్రాల ఇరుసులు అరగకుండా తిరగడానికి పెట్టినవి. ఇరుసుకు కందెన ఎలాగో, ఇదీ అంతే. వాటికి నగల విలువ లేదు. కీ వాచీకి పదిహేడు చాలు. చేయి కదలికతో తిరిగేదానికి ఇరవై పైచిలుకు ఉంటాయి. సంఖ్య పెరిగినంత మాత్రాన వాచీ గొప్పదై పోదు.

మూడో ప్రశ్నే ముఖ్యం: చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? అమ్మాయి మనసుపడిన వాచీలు రెండు. రెండూ తెలియని పేర్లే. రెండు కంపెనీలకూ ఒకే ఉత్తరం రాయించాను, కొనక ముందే. యంత్రం నంబరేమిటి? ఇండియాలో బాగుచేసే చోటు ఏది? అద్దం పగిలినా, కీ తిప్పే బుడిపె ఊడినా ఆ భాగం బయటి మెకానిక్కుకు అమ్ముతారా? ఇవే మూడు ప్రశ్నలు. ఒక కంపెనీనుంచి రెండో రోజే జవాబు వచ్చింది. యంత్రం నంబరు, బాగుచేసే ఊరు, సుమారు ఖర్చు, భాగాలు పంపే పద్ధతి అన్నీ రాశారు. అద్దం మాత్రం బయటికి అమ్మమని కూడా దాచకుండా రాశారు. రెండో కంపెనీ ప్రశ్నలకు జవాబివ్వలేదు. ఈ వారంలోపు కొంటే నలభై వంతులు తగ్గిస్తామని రాసింది. అడిగిందానికి చెప్పకుండా ధర తగ్గించేవాడి దగ్గర ఏం కొనాలో, కొనకూడదో మన కూరగాయల సంతలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

విదేశంనుంచి నేరుగా తెప్పించుకునేవాళ్ళు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. బొమ్మ కింద కనిపించే ధర ఆఖరి ధర కాదు. కస్టమ్సు సుంకం, పన్ను దానిమీద పడతాయి. రిపేరుకు పంపితే పోనూ రానూ ఖర్చు, నెలల కొద్దీ ఎదురుచూపు. చిరునామా లేని కంపెనీ ఇచ్చిన అయిదేళ్ళ గ్యారంటీ కన్న, చిరునామా ఉన్న కంపెనీ ఇచ్చిన రెండేళ్ళ గ్యారంటీ మేలు. బిల్లు, తేదీ వేసిన గ్యారంటీ కార్డు లేనిదే డబ్బు చేతులు మారకూడదు.

మిగిలినవి ఇంట్లోనే తేల్చుకోగలిగిన సంగతులు. ఫోనులో అన్ని వాచీలూ ఒకే పరిమాణంగా కనిపిస్తాయి. చేతికి పెట్టుకుంటేగాని బండారం తెలియదు. కంపెనీ ఇచ్చిన కొలతలు చూసి, అట్టముక్క ఒకటి ఆ వెడల్పున, పట్టా తగిలించే కొమ్ముల చివరినుంచి చివరిదాకా ఆ పొడవున కత్తిరించండి. మణికట్టు మీద పెట్టి దారంతో కట్టండి. కొమ్ములు మణికట్టు అంచు దాటితే అది మీ వాచీ కాదు. మా అమ్మాయి "లేడీసు వాచీ" పేరుతో అమ్మే పెసర గింజంత వాచీ వద్దంది. 36 మిల్లీమీటర్ల అట్టముక్క ఆమె చేతికి సరిగ్గా సరిపోయింది. వాచీకి ఆడా మగా లేదు, మణికట్టే ఉంది.

అద్దం సఫైరుదైతే నేల మీద, గోడమీద రాసుకున్నా గీత పడదు. గట్టి దెబ్బ తగిలితే మాత్రం పగలవచ్చు. పాత హెచ్.ఎం.టి.ల ప్లాస్టిక్ అద్దం గీతలు పడేది, కాస్త రుద్దితే పోయేవి. నీళ్ళ సంగతిలో వెనక మూత మీద రాసిన అంకెలు చూసి భ్రమపడవద్దు. 30 మీటర్లంటే ముప్ఫై మీటర్ల లోతుకు దూకమని కాదు. చేతులు కడుక్కుంటే తుంపర పడినా ఫరవాలేదని అర్థం. ఈత కొట్టేవాళ్ళకు కనీసం 100 మీటర్లది కావాలి. అంట్లు తోమే చేతికి, వానలో బండి నడిపే చేతికి 50 మీటర్లకు తక్కువ కొనకూడదు. పోతే పట్టా. చలిదేశాల్లో తోలుపట్టా అందం. మన వరంగల్ వైపు ఎండలు 44 డిగ్రీలు దాటే వేసవిలో తోలుపట్టా చెమటకు నాని, రెండేళ్ళలో వాసన వేస్తుంది. స్టీలు గొలుసు, లేకపోతే రబ్బరు పట్టా మన వాతావరణానికి నయం.

వాచీ ఉన్నట్టుండి రోజుకు రెండు మూడు నిమిషాలు ముందుకు పరుగెత్తితే కంపెనీని తిట్టకముందు ఒక సంగతి చూడండి. స్ప్రింగు వాచీని ఫోను మీద, స్పీకరు పక్కన, అయస్కాంతపు బొత్తామున్న సంచిలో పెడితే లోపలి సన్నని స్ప్రింగుకు అయస్కాంతం పడుతుంది. మెకానిక్కు దగ్గరికి తీసుకుపోతే ఒక నిమిషంలో దించేస్తాడు. దిష్టి తీసినంత పని.

తెలియని కొత్త పేరు వద్దు, తెలిసిన పాత పేరే కొంటామనేవాళ్ళకూ ఒక హెచ్చరిక. పాత హెచ్.ఎం.టి.లని చెప్పి తళతళలాడే రంగు డయళ్ళతో చవకగా అమ్ముతున్నారు. వాటిలో చాలావరకు నాలుగు చచ్చిన వాచీల భాగాలు ఏరి, కొత్త డయలు అచ్చువేసి ఒకటిగా కూర్చినవి. యాభై ఏళ్ళనాటి వాచీ ముఖం యాభై ఏళ్ళదిగానే ఉండాలి. ముడతలు లేని తాతగారిని చూస్తే అనుమానం రావద్దూ?

ఇంతకూ అమ్మాయి ఏం చేసింది? జవాబు రాసిన కంపెనీ వాచీయే కొంది. అయితే అనుకున్న దానికన్న తక్కువ రకంది. లోపల మియోటా యంత్రం, స్టీలు గొలుసు, 28 వేలు. మిగిలిన డబ్బు బ్యాంకులో ఉంచింది. వరంగల్ ముసలాయన వెనక మూత విప్పి చూసి, "గిది నేను చెయ్యొచ్చు" అన్నాడు. నా దృష్టిలో ఆ నాలుగు మాటలకు మించిన గ్యారంటీ కార్డు లేదు. తల్లి మాత్రం ఇంకా దాన్ని ఇనుప గాజనే పిలుస్తోంది.

పిల్లలకు మొదటి ఖరీదైన వాచీ కొనిపెట్టదలచిన తల్లిదండ్రులకు, తామే కొనుక్కోదలచిన పిల్లలకు నేను చెప్పేది ఇంతే. తెలియని పేరు చూసి భయపడవద్దు. తెలిసిన పేరు చూసి లొంగిపోనూవద్దు. వాచీ మీద పెట్టే డబ్బులో రూపాయికి ఎన్ని పైసలు యంత్రానికి పోతున్నాయో, ఎన్ని పైసలు ప్రకటనలకు పోతున్నాయో అడగండి. మీ ఊరికి దగ్గరలో దాన్ని విప్పగల చెయ్యి ఉందో లేదో ముందే చూసుకోండి. ఆ చేతులు రానురాను తగ్గిపోతున్నాయి. వరంగల్ ముసలాయన దగ్గర పని నేర్చుకునే కుర్రవాడు ఒక్కడూ లేడు. లక్ష రూపాయల వాచీలు కొనేవాళ్ళు పెరిగి, వాటిని బాగుచేసేవాళ్ళు లేకుండా పోతే, మనం కొన్నవి గడియారాలు కావు, చేతికి కట్టుకున్న బొమ్మలు. మీ వీధి చివర అలాంటి మనిషి ఇంకా కూర్చుని ఉంటే, ఇంట్లో పెట్టె అడుగున ఆగిపోయి పడివున్న తాతగారి వాచీ ఈ ఆదివారమే ఆయనకు ఇచ్చి రండి. మంచి వాచీ అంటే ఏమిటో కొనక ముందే తెలుస్తుంది.